నంబర్ పోర్ట్ చేసే ముందు మీ మెయిల్ సంగతి చూసుకోండి

మైపాడు వైపు రొయ్యల గుంటల దగ్గర ఒక కంపెనీ సిగ్నల్ అందదు. ఉదయగిరి కొండల పక్కకు పోతే ఇంకో కంపెనీది అందదు. దీనికి తోడు రీచార్జి రేట్లు పెరుగుతూనే ఉంటాయి. అందుకే నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా గొడుగు కింద బల్ల వేసుకుని సిమ్‌లు అమ్మే కుర్రాడి దగ్గర పోర్ట్ కోసం, అంటే నంబరు అదే ఉంచి కంపెనీ మారడం కోసం, ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. వాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు: బ్యాంకు ఓటీపీలు ఆగవు కదా, వాట్సాప్ పోదు కదా? మెయిల్ గురించి అడిగేవాళ్లు దాదాపు ఉండరు.

నిజానికి గట్టిగా పట్టించుకోవాల్సింది మెయిల్‌నే. మీరు పాస్‌వర్డ్ మర్చిపోతే జీమెయిల్ కోడ్ పంపేది మీ నంబరుకే. అటువైపు, మీ నంబరును ఈ-సిమ్‌గా, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్‌గా, మార్చమని అడిగితే దాన్ని యాక్టివేట్ చేసే క్యూఆర్ కోడ్‌ను కొన్ని కంపెనీలు తమ రికార్డులో ఉన్న మెయిల్‌కి పంపుతాయి. అంటే నంబరు దొరికినవాడు మెయిల్‌లోకి పోగలడు, మెయిల్ దొరికినవాడు నంబరు లాక్కోగలడు. కంపెనీ మారే ఆ నాలుగైదు రోజుల్లో ఈ రెండూ బయటివాళ్ల చేతుల్లోంచి వెళ్తాయి. ఫోన్ అన్‌లాక్ చేసి ఇస్తాం, ఓటీపీ పైకి చదివి చెప్తాం, మెయిల్ ఐడీ నలుగురి ముందు అక్షరం అక్షరం పలుకుతాం.

కాబట్టి పోర్ట్ కావాలని 1900కి మెసేజ్ పెట్టడంతో మొదలుపెట్టకండి. దానికి ముందు చేయాల్సిన పనులు మూడున్నాయి.

ముందుగా మెయిల్‌ని నంబరు మీదే ఆధారపడకుండా చేయండి

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి గూగుల్ అన్నచోట నొక్కి, ఖాతాను మేనేజ్ చేసే పేజీకి వెళ్తే సెక్యూరిటీ విభాగం కనిపిస్తుంది. పాస్‌వర్డ్ తర్వాత ఇంకో ఆధారం కూడా అడిగే టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయకపోతే ఇప్పుడే చేయండి. చాలామంది అక్కడితో ఆపేస్తారు, రెండో మెట్టుగా ఎస్సెమ్మెస్ ఒక్కటే పెట్టుకుంటారు. పోర్ట్ అయ్యే రాత్రి సిగ్నల్ లేకపోతే మీ మెయిల్‌లోకి మీరే వెళ్లలేరు. మీ సిమ్ ఇంకొకడి చేతిలో పడితే వాడు మాత్రం వెళ్లగలడు.

అందుకని అదే పేజీలో బ్యాకప్ కోడ్‌లు తీసుకోండి. పది కోడ్‌లు ఇస్తారు, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి ఇంట్లో పాసు పుస్తకాలు పెట్టే చోటే పెట్టండి. ఫొటో తీసి గ్యాలరీలో దాచుకుంటే పోర్ట్ కోసం ఫోన్ ఇచ్చినప్పుడు వాటినీ ఇచ్చినట్టే. కోడ్‌లతో పాటు అథెంటికేటర్ యాప్‌గానీ, ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పాస్‌కీగానీ పెట్టుకుంటే సిగ్నల్‌తో పనే ఉండదు. వేలిముద్రతో ఫోన్ తెరవడం అలవాటున్న పెద్దవాళ్లకు పాస్‌కీయే తేలిక. అథెంటికేటర్‌లో ముప్పై సెకన్లకోసారి మారే అంకెలు చూసి కొట్టేసరికి వాళ్లకు టెన్షన్ వస్తుంది.

పాస్‌వర్డ్ మర్చిపోతే ఖాతా తిరిగి తెరవడానికి ఇచ్చే రికవరీ మెయిల్ ఏదుందో కూడా చూడండి. పదేళ్ల కిందట నెట్ సెంటర్‌లో ఖాతా తెరిపించుకున్నవాళ్లకు అక్కడ ఎవరి మెయిలో ఉన్నా ఆశ్చర్యం లేదు. అది మీది కాకపోతే తీసేయండి.

ఇక నంబరు సంగతి. పోర్ట్‌లో నంబరు మారదు కాబట్టి రికవరీ ఫోన్‌ను ఆ రోజుల్లో కదిలించకండి. ఒకవేళ మీరు పోర్ట్ కాకుండా పాత నంబరునే వదిలేసి కొత్తది తీసుకోవాలనుకుంటే మాత్రం దారి వేరు. మూతపడ్డ నంబరును కనీసం 90 రోజులు ఇంకెవరికీ ఇవ్వరని 2023 నవంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తర్వాత అది ఎవరికైనా వెళ్లవచ్చు. మీ మెయిల్‌కి అదే రికవరీ నంబరుగా ఉండిపోతే మీ కోడ్‌లు ఆ కొత్త మనిషికి పోతాయి. మార్చే పని పాత సిమ్ బతికుండగానే, కనీసం ఒక వారం ముందు చేయండి. ఎందుకంటే రికవరీ నంబరు మార్చాక కూడా ఏడు రోజుల వరకు పాత నంబరుకు కోడ్ పంపే వీలును గూగుల్ ఉంచవచ్చు.

యాహూ, అవుట్‌లుక్, రెడిఫ్ వాడేవాళ్లు వాటిలోనూ ఇవే చూసుకోండి. పాత బీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌తో వచ్చిన సంచార్‌నెట్, డేటావన్ మెయిళ్లు ఇంకా విజిటింగ్ కార్డుల మీద ఉన్నవాళ్లు కొందరున్నారు. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో అలాంటి మెయిల్‌కే ఎక్స్‌పోర్టు ఆర్డర్లు వస్తుంటే, ఒక సంగతి గుర్తుంచుకోండి. పోర్ట్ అయ్యేది మొబైల్ నంబరు మాత్రమే. కనెక్షన్ కంపెనీ ఇచ్చిన మెయిల్ మీతో పాటు రాదు. ఏ సిమ్‌తోనూ, ఏ కేబుల్‌తోనూ ముడిపడని మెయిల్‌కి మారి, కొనేవాళ్లందరికీ కొత్త ఐడీ చెప్పేశాకే పాత కనెక్షన్ వదలండి.

మన ఊళ్లలో ఇంకో చిక్కుంది. నంబరు వాడేది కొడుకు, సిమ్ ఉండేది నాన్న పేరు మీదో పెద్దన్న పేరు మీదో. పోర్ట్‌కి ఆధార్, వేలిముద్ర సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్లవే కావాలి. కనిగిరిలో ఉన్న నాన్న బెంగళూరులో ఉన్న కొడుకు నంబరుకు అసలు హక్కుదారు అవుతాడు. పేరు మార్పించుకోవాలంటే ముందు ఆ పని పూర్తి చేసుకోండి. పేరు మార్పు పెండింగ్‌లో ఉంటే పోర్ట్ కోడ్ రాదు.

సిమ్ కంపెనీకి ఏ మెయిల్ ఇవ్వాలి?

అసలు పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి.

"మెయిల్ ఐడీ చెప్పండన్నా" అంటాడు షాపు కుర్రాడు. మీకు మూడు దారులున్నాయి. బ్యాంకుకి, ఆఫీసుకి, పిల్లల స్కూలుకి ఇచ్చిన మెయిలే చెప్పడం ఒకటి. నోటికొచ్చిన ఐడీ ఏదో చెప్పేయడం రెండోది. "నాకు మెయిల్ లేదు, నువ్వే ఏదో ఒకటి పెట్టు" అనడం మూడోది.

మొదటి దారిలో ఆఫర్ల వరద వస్తుంది, అసలు ఉత్తరాలు అందులో మునిగిపోతాయి. ఆ డేటా ఎక్కడైనా లీకైతే నంబరు, పేరు, మీ ముఖ్యమైన మెయిల్ మూడూ ఒకే వరసలో బయటికొస్తాయి. ఇది ఇబ్బందే, కానీ మిగతా రెండింటి కంటే నయం. ప్రైవసీ పేరు చెప్పి దొంగ మెయిలో, పది నిమిషాల్లో మాయమయ్యే టెంపరరీ మెయిలో ఇవ్వమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వేరేచోట్ల సరేగానీ, సిమ్ కంపెనీ దగ్గర ఆ సలహా పనికిరాదు. రికార్డులో ఉన్న మెయిల్‌కే ఈ-సిమ్ కోడ్ వెళ్లే పద్ధతి ఉన్నప్పుడు, మీరు తెరవలేని మెయిల్‌ను అక్కడ రాయించడం అంటే మీ నంబరు మీద పట్టు వదులుకోవడమే. ఇక షాపువాడి మెయిల్ పెట్టించుకోవడం అన్నిటికంటే ప్రమాదం. మనిషి మంచివాడే కావచ్చు. ఆ మెయిల్ పాస్‌వర్డ్ అతని షాపులో ఎంతమందికి తెలుసో మాత్రం మీకు తెలియదు.

ఈ భయం ఊహించి చెప్తున్నది కాదు. 2020లో ఈ-సిమ్ మోసాల గురించి సైబరాబాద్ పోలీసులు జనాన్ని హెచ్చరించారు. కస్టమర్ కేర్ అని ఫోన్ చేసి, కేవైసీ పూర్తికాలేదు, సిమ్ ఆగిపోతుంది అని బెదిరిస్తారు. తాము పంపిన మెసేజ్‌ను కంపెనీ నంబరుకు ఫార్వర్డ్ చేయమంటారు. ఆ మెసేజ్‌లో ఉండేది మోసగాడి మెయిల్ ఐడీ. అది రికార్డులోకి ఎక్కగానే ఈ-సిమ్ అడుగుతారు, కోడ్ వాళ్లకే పోతుంది, మీ ఫోన్‌లో సిగ్నల్ పడిపోతుంది.

కాబట్టి నాలుగో దారి పట్టండి. సిమ్‌లు, కరెంటు, గ్యాస్, డీటీహెచ్ లాంటి బిల్లుల కోసమే ఒక వేరే జీమెయిల్ తెరవండి. పేరులో పుట్టిన సంవత్సరం, ఇంటిపేరు పెట్టకండి. దీనికి కూడా టూ-స్టెప్ పెట్టండి. ముఖ్యం కాదులే అని వదిలేస్తే పైన చెప్పిన దొంగ మెయిల్‌కీ దీనికీ తేడా ఉండదు. ఫోన్‌లో రెండో ఖాతాగా చేర్చుకుంటే బిల్లులు కనిపిస్తూనే ఉంటాయి. వాడకుండా మూల పడేయకండి, రెండేళ్లు ముట్టుకోని ఖాతాలను గూగుల్ తీసేయవచ్చు.

కొత్త ఖాతా ఎందుకు, ఉన్న జీమెయిల్‌కే ప్లస్ గుర్తు తగిలించి ఒక మాట చేరిస్తే చాలు అని తెలిసినవాళ్లు అంటారు. అది పనిచేస్తుంది, ఉత్తరం మీకే వస్తుంది. కానీ కొన్ని ఫారాలు ప్లస్ గుర్తును తీసుకోవు. పైగా ఆ ప్లస్ దగ్గర కోసేస్తే మీ అసలు ఐడీ ఎవరికైనా తెలిసిపోతుంది. షాపింగ్ సైట్లకు అది చాలు. సిమ్‌కి వేరే ఖాతానే నయం.

పాత కంపెనీ యాప్‌లో పని ఉంది, నంబరు అక్కడ ఉండగానే

పోర్ట్ అయిపోయాక పాత కంపెనీ యాప్‌లోకి ఓటీపీతో వెళ్లడం కుదరకపోవచ్చు, ఆ నంబరు వాళ్లది కాదు కదా. కాబట్టి ఇప్పుడే లోపలికి వెళ్లండి. ప్రొఫైల్‌లో ఏ మెయిల్ ఉందో చూసి, ముఖ్యమైన మెయిల్ ఉంటే కొత్తగా తెరిచినదానికి మార్చండి. పోస్ట్‌పెయిడ్ అయితే పాత బిల్లులు దించుకోండి. గడువు దాటిన బాకీ ఉంటే పోర్ట్ కోడ్ రాదు. మారాక చివరి బిల్లు కట్టకపోయినా కొత్త కంపెనీలో నంబరు ఆగిపోయే అవకాశం ఉంది. ఆ చివరి బిల్లు వచ్చేది మెయిల్‌కే కాబట్టి, అది వచ్చి కట్టేదాకా ఆ మెయిల్ మీద కన్నేసి ఉంచండి.

యాప్‌లోకి జీమెయిల్‌తో లాగిన్ అయి ఉంటే గూగుల్ ఖాతాలో థర్డ్ పార్టీ యాప్‌లు అన్నచోట దాని అనుమతి తీసేయండి. ఫొటోలు, కాంటాక్టులు ఆ కంపెనీ క్లౌడ్‌లో దాచి ఉంటే దించుకుని అక్కడ చెరిపేయండి. కాంటాక్టుల్లో మీ ఒక్కరి మెయిలే కాదు, మీకు తెలిసినవాళ్లందరి మెయిళ్లూ ఉంటాయి. చివరగా ఆఫర్ మెయిళ్లకు ఇచ్చిన అనుమతి ఉపసంహరించుకుని, ఆ తర్వాతే యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ముందే యాప్ తీసేస్తే ఖాతా అక్కడ అలాగే ఉంటుంది.

మీ వివరాలన్నీ పూర్తిగా చెరిపేస్తారని మాత్రం ఆశపడకండి. ఎవరికి ఎప్పుడు కాల్ చేశారన్న రికార్డులను కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరులో టెలికాం శాఖ కంపెనీలకు చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అనుమతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలంటుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు అమలయ్యేందుకు 18 నెలల గడువు పెట్టారు. అందాకా మన జాగ్రత్త మనదే.

ఇప్పుడు పోర్ట్ మెసేజ్

ఇంగ్లీషు పెద్దక్షరాల్లో పోర్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, పదంకెల నంబరు రాసి 1900కి పంపండి. 1901 నుంచి ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, అదే యూపీసీ. మన దగ్గర అది నాలుగు రోజులు చెల్లుతుంది. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. ఈమధ్యే సిమ్ పోయి డూప్లికేట్ తీసుకున్నవాళ్లు ఏడు రోజులు ఆగాలి, 2024 జూలై 1 నుంచి ఈ నిబంధన ఉంది. సిమ్ రీప్లేస్ చేసినా, ఈ-సిమ్‌కి మార్చినా మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు కూడా ఆపేస్తారు. అందుకే పోర్టూ ఈ-సిమ్మూ ఒకే వారంలో పెట్టుకోవద్దు. ముందు పోర్ట్ అయ్యి, అన్నీ కుదురుకున్నాక ఈ-సిమ్ చూసుకోండి.

నెల్లూరు నుంచి చెన్నైలో ఉద్యోగానికి పోయినవాళ్లు ఒకటి గమనించండి. టెలికాం లెక్కల్లో ప్రాంతాన్ని సర్కిల్ అంటారు. హైదరాబాదు మన సర్కిల్‌లోనే ఉంది గానీ చెన్నై తమిళనాడు సర్కిల్. ఒకే సర్కిల్‌లో పోర్ట్‌కి మూడు పనిదినాలు, సర్కిల్ మారితే ఐదు. ఎన్ని రోజులు సాగితే అంత కాలం మెయిల్ విషయంలో అప్రమత్తంగా ఉండాలి కాబట్టి, కుదిరితే పండక్కి ఊరొచ్చినప్పుడు ఇక్కడే మారండి.

మీరు అడగకుండానే యూపీసీ వచ్చిందా? మీ ఫోన్ ఎవరి చేతిలోనో పడి మెసేజ్ వెళ్లి ఉండవచ్చు. ఆ కోడ్ ఎవరికీ చెప్పకండి.

షాపులో

కాగితం ఫారాల కాలం 2024 జనవరి 1తో పోయింది. ఇప్పుడు వివరాలన్నీ షాపువాడి ఫోన్‌లోనే ఎక్కుతాయి, మీకు చూపించేదాకా ఏం కొట్టాడో తెలియదు. చూపించమనండి. మొహమాటపడే చోటు కాదిది. మెయిల్ ఐడీ పైకి చెప్పడం కంటే చీటీ మీద రాసుకెళ్లి చూపించి, ఆ చీటీ వెనక్కి తీసుకోవడం మంచిది. ప్రత్యామ్నాయ నంబరు అడిగితే ఇంట్లోవాళ్లది ఇవ్వండి, షాపువాడిది పెట్టనివ్వకండి.

ఇంటి దగ్గరే లాక్ స్క్రీన్ మీద మెయిల్, మెసేజ్‌లు కనిపించకుండా చేసుకుని వెళ్లండి. ఓటీపీ మీరే తెరిచి మీరే చదవండి, ఆ మెసేజ్ ఎందుకొచ్చిందో మొత్తం చదివాకే. ఆధార్ ఫొటో తన వాట్సాప్‌కో మెయిల్‌కో పంపమంటే వద్దనండి. వేలిముద్రతో కేవైసీ అయ్యేచోట దానితో పనిలేదు. జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో మీ మెయిల్ తెరిచి ప్రింట్ తీయాల్సి వస్తే, లేచే ముందు సైన్ అవుట్ చేశారో లేదో చూసుకోండి.

రిక్వెస్ట్ ఎక్కాక మనసు మారితే 24 గంటల్లోపు క్యాన్సిల్ అని, నంబరు రాసి అదే 1900కి పంపవచ్చు.

మధ్యలో ఆ రెండు మూడు రోజులు

పోర్ట్ ఏ తేదీన, ఏ వేళకు జరుగుతుందో మెసేజ్ వస్తుంది. మామూలుగా అది రాత్రిపూట. నాలుగు గంటల దాకా సిగ్నల్ ఉండకపోవచ్చు. పాత సిమ్‌లో సిగ్నల్ పోయినప్పుడు కొత్తది వేసుకోండి. చెప్పిన వేళ కాకుండా పట్టపగలు సిగ్నల్ పోయి గంటలు గడిచినా రాకపోతే మాత్రం టవర్ సమస్యలే అనుకుని పడుకోకండి. వైఫై మీద మెయిల్ తెరిచి కొత్త డివైస్‌లో లాగిన్ అయిందన్న హెచ్చరిక ఏమైనా ఉందా చూడండి. ఇంకో ఫోన్ నుంచి కంపెనీకి కాల్ చేయండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

ఈ రోజుల్లోనే "మీ పోర్ట్ ఆగిపోయింది, ఈ లింకులో కేవైసీ పూర్తి చేయండి" అనే మెయిళ్లు రావచ్చు. మీరు పోర్ట్‌లో ఉన్నారని మోసగాళ్లకు తెలియాల్సిన పనిలేదు, వెయ్యిమందికి పంపితే నలుగురైనా ఆ స్థితిలో ఉంటారు. ఇక్కడ మీ వేరే ఖాతా బాగా పనికొస్తుంది. సిమ్ సంగతులు చెప్పే మెయిల్ మీ ముఖ్యమైన ఖాతాకు వచ్చిందంటే, ఆ కంపెనీకి మీరు ఆ ఐడీ ఇవ్వలేదు కాబట్టి, అది దొంగదని తెరవకుండానే తెలిసిపోతుంది. ట్రాయ్ పేరుతో నంబరు కట్ చేస్తామని బెదిరించే ఫోన్లకూ జవాబివ్వక్కర్లేదు. ట్రాయ్ మామూలు వినియోగదారులకు అలా ఫోన్ చేయదు.

కొత్త సిమ్ పడ్డాక

బ్యాంకు పని పెట్టుకునే ముందు ఓటీపీ మెసేజ్‌లు వస్తున్నాయో లేదో మెయిల్‌తోనే పరీక్షించండి. ఆ తర్వాత గూగుల్ సెక్యూరిటీ చెకప్ తెరిచి, మీ డివైస్‌ల జాబితాలో తెలియని ఫోన్ ఉంటే సైన్ అవుట్ చేసేయండి. కంప్యూటర్ దొరికితే జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వార్డింగ్ అన్నచోట ఎవరి అడ్రసైనా ఉందేమో చూడండి. లోపలికి దూరినవాడు పాస్‌వర్డ్ మార్చకుండా, మీ ఉత్తరాల నకలు తనకు వచ్చేలా అక్కడ పెట్టి వెళ్లిపోతాడు. ఫోన్ యాప్‌లో ఇది కనిపించదు, అందుకే ఎన్నాళ్లయినా బయటపడదు.

కొత్త కంపెనీ యాప్ వేసుకుంటే అది అడిగే అనుమతుల్లో కాంటాక్టులు, లొకేషన్ కాదనండి. రీచార్జికి అవి అక్కర్లేదు. ప్రొఫైల్‌లో మెయిల్ ఒక్క అక్షరం కూడా తప్పు లేకుండా ఉందో లేదో చూడండి, షాపులో తొందరగా కొట్టినది కదా. సిమ్ పిన్ పెట్టుకుంటే మంచిదే, కానీ కంపెనీ ఇచ్చిన మొదటి పిన్ తెలుసుకోకుండా మొదలుపెట్టకండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ తాళం తీసే పీయూకే కోడ్ అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనిచేయదు. వాట్సాప్‌లో టూ-స్టెప్ పిన్‌కి ఇచ్చిన మెయిల్ ఏదో కూడా ఒకసారి చూడండి. అక్కడ ముఖ్యమైన మెయిలే ఉండనివ్వండి.

వారం పోయాక టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూడండి. పోర్ట్ కోసం వేసిన వేలిముద్రతో ఇంకో సిమ్ పుట్టి ఉంటే అక్కడ తెలుస్తుంది, మీది కాదని అక్కడే రిపోర్టు చేయవచ్చు. ఆఫర్ల మెసేజ్‌లు, కాల్స్ వద్దంటే 1909లో డీఎన్‌డీ (ఆఫర్లు వద్దని నమోదు) పెట్టుకోండి. అది మెయిళ్లను ఆపదు. మెయిల్‌కి వచ్చే ఆఫర్లను యాప్‌లోనే ఆపాలి. ఆపినా వస్తుంటే కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి కాల్ చేసి, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. అప్పీలుకు వెళ్లాల్సి వస్తే ముందు అడిగేది ఆ నంబరే.